జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

ఆ ప్రభుత్వాసుపత్రి రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపున్న ఉత్తరాల గదిలో పనిచేసే పెద్ద గుమాస్తాని అందరూ తనిఖీ అక్క అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా ఉత్త అక్కే. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా వెలుతురుకి పెట్టి చూసి, వెనక్కి తిప్పి చూసి, ఇచ్చినవాళ్ల ముఖం కూడా ఓసారి చూసి అప్పుడుగానీ తీసుకోదు. బస్సు డ్రైవరుగా చేసే వాళ్లాయన, "మా ఆవిడ తాళం వేసి ఒకసారి లాగుతుంది, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లాగుతుంది, ఆ తర్వాత నన్ను లాగమంటుంది, నేను సరిగ్గా లాగానో లేదో అని చివర్లో ఇంకోసారి లాగుతుంది" అని చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆమె నవ్వదు. లోకంలో నూటికి తొంభైమంది ఏదో ఒకటి దాస్తారనీ, మిగతా పదిమందీ ఇంకా దొరకలేదంతేననీ ఆమె నమ్మకం.

అలాంటి మనిషికి మెమో వచ్చింది.

ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ గదిలో పని ఎలా సాగుతుందో చెప్పాలి. చుట్టుపక్కల చిన్న క్లినిక్కుల డాక్టర్లు "ఈ రోగిని చూడండి, ఫలానా పరీక్ష చేయండి" అని ఉత్తరాలు రాస్తారు. రోజుకి నూట యాభై దాకా వస్తాయి. వాటిని కంప్యూటర్లో ఎక్కించి ఒక్కో రోగికి ఒక్కో తేదీ ఇవ్వడం ఆ గది పని. క్లినిక్కులకి తమ మీద తమకే నమ్మకం లేదు కాబట్టి చాలాసార్లు ఒకే ఉత్తరాన్ని టపాలో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి పంపుతాయి. అలా రెండుసార్లు వచ్చినవాటిలో ఒకదాన్ని ఉంచి, రెండోదాని మూల పెన్సిలుతో "డబుల్" అని రాసి మూసేయాలి. ముగ్గురు గుమాస్తాలకీ కలిపి కంప్యూటరు ఒక్కటే. ఒకరు ఉత్తరాలు విప్పుతుంటే ఒకరు ఎక్కిస్తారు, ఒకరు రోగులకి ఫోన్లు చేస్తారు, గంటకోసారి కుర్చీలు మారతారు. ఎవరి పాస్‌వర్డుతో వాళ్లు తెరవాలని నియమం ఉంది. కానీ ఒకరు మూసి ఇంకొకరు తెరిచేసరికి ఆ ముసలి యంత్రం పది నిమిషాలు గుడ్లు తేలేస్తుంది. అందుకని పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ల పేరుతో తెరుస్తారు, సాయంత్రం దాకా ముగ్గురూ ఆ పేరు మీదే పని లాగిస్తారు. ముందొచ్చేది ఎప్పుడూ అక్కే. అంత అనుమానపు మనిషి దీనికెలా ఒప్పుకుందంటే, ఒప్పుకోకపోతే సాయంత్రానికి సగం ఉత్తరాలు మిగిలిపోతాయి మరి.

ఇంకో అలవాటు కూడా ఉంది. పుట్టిన తేదీ తెలియని రోగులకి, ఎప్పుడో మొదటిసారి చీటీ రాయించుకున్నప్పుడే, కింద కౌంటర్లో జనవరి ఒకటి అని వేసేస్తారు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ముందుకు కదలదు. ఆసుపత్రి లెక్కల్ని నమ్మితే, ఆ ఊళ్లో అరవై దాటినవాళ్లలో సగంమంది కొత్త సంవత్సరం తెల్లవారే పుట్టారు.

మూడు నెలల కిందట ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఏడు జనవరి ఒకటి ఉన్న ఇద్దరు ఆడవాళ్ల ఉత్తరాలు ఒకే వారంలో వచ్చాయి. ఇద్దరికీ రొమ్ములో గడ్డ. ఇద్దరికీ స్కానింగు. చిరునామాలు మాత్రం వేరు, కానీ అవి కంప్యూటర్లో ఇంకో పేజీలో ఉంటాయి. రెండు ఉత్తరాలూ ఒకరివే అనుకుని ఎవరో ఒకదాన్ని డబుల్ కింద మూసేశారు. మొదటావిడకి స్కానింగు చేసి, గడ్డలో చెడు ఏమీ లేదని చెప్పి పంపించేశారు. రెండో ఆవిడ ఫోను కోసం మూడు నెలలు ఎదురుచూసి, చివరికి తనే బస్సెక్కి వచ్చింది. ఆమెది మంచి గడ్డ కాదు. అప్పుడే చూసుంటే చిన్న కోతతో పోయేదట, ఇప్పుడు రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. ఆవిడ కొడుకు ఫిర్యాదు రాశాడు. ఎవరు మూశారని కంప్యూటర్ని అడిగితే అది అక్క పేరు చెప్పింది.

విచారణ రెండు వారాల్లో. ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పుకోండి, అని మెమోలో ఉంది.

తను కాదని అక్కకి ఖాయంగా తెలుసు. చిరునామా చూడకుండా తను ఏ ఉత్తరాన్నీ మూయదు. పైగా ఆ ఉత్తరం మూసింది మధ్యాహ్నం రెండూ యాభైకి. ఆ రోజు రెండు నుంచి నాలుగు దాకా తను కింద ఆఫీసులో సర్వీసు రిజిస్టరులో సంతకం పెట్టడానికి వరసలో నిలబడి ఉంది. మరి ఆ కుర్చీలో ఎవరున్నారు?

ఉండటానికి ఇద్దరే ఉన్నారు. ఒకడు బావగారు. చిన్నా పెద్దా తేడా లేకుండా ఎవరినైనా బావా అని పిలిచే యాభై ఏళ్ల మనిషి, పనికంటే నోరు ఎక్కువ. రెండోది కాంట్రాక్టు పిల్ల. ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఇద్దరు బిడ్డల తల్లి, అయినా ఆఫీసులో కాంట్రాక్టు మీద ఉన్నంతకాలం ఎవరైనా పిల్లే. మెమో వచ్చిన రోజున బావగారు అడక్కుండానే టీ తెచ్చిపెట్టాడు. కాంట్రాక్టు పిల్ల, ఎవరూ ఏమీ అనకముందే, "నేను కాదక్కా" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది, అనుకుంది అక్క. టీ తాగలేదు.

"యూనియనుంది కదే, వెళ్లి చెప్పుకో" అన్నాడు వాళ్లాయన ఆ సాయంత్రం.

"యూనియనా? వాళ్ల సంగతి నాకు తెలీదా?"

"తెలిసే ఇరవయ్యేళ్లుగా చందా కడుతున్నావా?"

"కట్టకపోతే మనసులో పెట్టుకుంటారని కట్టాను."

యూనియన్ కార్యదర్శి ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తాడు. టైపు మిషన్లు పోయి పదిహేనేళ్లయినా ఆయన్ని ఇప్పటికీ టైపిస్టుగారనే అంటారు. పొట్టిగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు. అక్క వెళ్లకముందే ఆయనే మర్నాడు గదికి వచ్చాడు. అదే ఆమెకి మొదట నచ్చలేదు. పిలవని పేరంటానికి వచ్చేవాడికి ఏదో పని ఉంటుంది.

"చెల్లెమ్మా, ఆ రోజు గంట గంటకీ ఏం జరిగిందో, మీకు గుర్తున్నంత వరకూ ఒక కాగితం మీద రాసి నాకివ్వండి. నాకొక్కడికే. ఆఫీసరుగారు ఏది ముందు పెట్టినా సంతకం చెయ్యొద్దు. గదిలో ఎవరితోనూ దీని గురించి మాట్లాడొద్దు" అన్నాడు.

చెల్లెమ్మా అని మొదలుపెట్టేవాళ్లు చివరికి ఏదో ఒకటి పట్టుకుపోతారని ఆమె అనుభవం. అయినా ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది కాబట్టి కూర్చుని రాసింది. రెండు గంటల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఆ టైములో కాంట్రాక్టు పిల్లే కుర్చీలో ఉండి ఉంటుంది. ఉండి ఉంటుంది అని రాస్తే ఎవడు నమ్ముతాడు? అందుకని, ఆమె కుర్చీలో కూర్చుని ఉత్తరాలు మూస్తుండగా నేను చూశాను, అని రాసింది. రాశాక చదువుకుంటే నిజంగానే చూసినట్టనిపించింది. ఆ కాగితం టైపిస్టుగారికిచ్చి, అందినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

నాలుగు రోజులకి పరిపాలనాధికారి ఆమెని తన గదికి పిలిపించాడు. ఈ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన మనిషి. కంప్యూటరు చెప్పిందే వేదం అనుకునే రకం, కానీ మాట మెత్తన.

"కూర్చోండి మేడం. ఇరవై రెండేళ్ల రికార్డులో మీకు ఒక్క మచ్చ లేదు. మీరు చేసి ఉండరని నాకూ తెలుసు. ఆ కాంట్రాక్టు అమ్మాయి గడువు నెలాఖరుకి ఎలాగూ అయిపోతోంది. ఆ టైములో కుర్చీలో ఆవిడే ఉందని మీరొక్క ముక్క రాసివ్వండి. పొడిగించకుండా ఊరుకుంటాం. మీకూ గొడవ లేదు, మాకూ గొడవ లేదు."

అక్క కుర్చీ అంచుకి జరిగింది. కాంట్రాక్టు పిల్ల అని ఈయనకెవరు చెప్పారు? ఆ పేరు తను రాసింది ఒక్క కాగితంలోనే. ఆ కాగితం ఉన్నది ఒక్క మనిషి దగ్గరే. ఆలోచించుకుంటానని చెప్పి బయటికొచ్చింది. తెగేచోటే ఎవరైనా తాడు లాగుతారన్న సంగతి ఆమెకి తట్టలేదు. కాంట్రాక్టు మనిషి పేరు చెప్పడానికి ఆఫీసరుకి ఎవరి కాగితమూ అక్కర్లేదు.

ఆ తర్వాత నుంచి టైపిస్టుగారి మీద కన్నేసి ఉంచింది. వెతికేవాళ్లకి దొరక్కపోవడం ఉంటుందా? మర్నాడు పదకొండింటికి ఆయన ఆఫీసరు గదిలోంచి పకపకా నవ్వుతూ బయటికొచ్చాడు, చంకలో ఏవో కాగితాలు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం భోజనాల టైములో క్యాంటీన్ చివరి బల్ల దగ్గర ఆయనా, కాంట్రాక్టు పిల్లా తలకాయలు దగ్గరగా పెట్టి పొడుగాటి జాబితా ఏదో చూస్తున్నారు. అక్క దగ్గరికి రాగానే ఆ పిల్ల జాబితాని బోర్లా తిప్పేసింది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదక్కా, ఊరికే" అంది ఆ పిల్ల. టైపిస్టుగారు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

కాంట్రాక్టు వాళ్లని యూనియన్లో చేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదే అయింది. వాళ్లు రెండొందల మంది. పర్మనెంటు గుమాస్తాలు నలభైకి దిగారు. ఎవరిని కాపాడితే కార్యదర్శి పదవి నిలుస్తుందో లెక్క వేసుకోవడానికి చదువక్కర్లేదు. అక్క ఆ లెక్క ఇంటికి తీసుకెళ్లి వాళ్లాయన ముందు పెట్టింది.

ఆయన అంతా విని తల గోక్కున్నాడు. "నాకైతే బ్రేకు పడకపోతే ముందు నా కాలు ఎక్కడుందో చూసుకుంటానే. తర్వాతే మెకానిక్కుని తిడతాను."

"అంటే? నేనే చేశానంటారా?"

"నేనెక్కడన్నానే?"

"అనక్కర్లేదు." రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మాట్లాడకుండా పడుకున్నప్పుడే ఆమెకి అసలు సంగతి తట్టింది. కంప్యూటరుకి పాస్‌వర్డు పేరే తెలుసు. కానీ ఉత్తరం మూల పెన్సిలుతో డబుల్ అని రాసిన చెయ్యి ఎవరిదో కాగితానికి తెలుసు. మూసేసిన కాగితాలని ఏడాది పాటు కింద రికార్డుల గదిలో ఉంచుతారు. కొత్త ఆఫీసరుకి ఈ సంగతి తెలియదు. ఆ పిల్ల రాత ఆమె చీకట్లో కూడా గుర్తుపడుతుంది. ఒక్క కాగితంతో అంతా తేలిపోతుంది! పొద్దున్నే వెళ్లి టైపిస్టుగారికి చెప్పింది.

ఆయన ముఖం మారింది. "ఆ కాగితం జోలికి వెళ్లకండి చెల్లెమ్మా. మనకది అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? నా ఉద్యోగం నిలబెట్టేది అదే కదా?"

"నన్ను నమ్మండి."

నన్ను నమ్మండి అన్నవాడిని నమ్మిన పాపాన ఆమె ఎప్పుడూ పోలేదు. తిన్నగా మెట్లు దిగి రికార్డుల గదికి వెళ్లింది. దుమ్ము, తడిసిన అట్టల వాసన, నడుం వంచితేగానీ దూరలేని వరసలు. ఆ గదిలో ఒక పద్ధతుంది. అరలోంచి ఏ కాగితం తీసినా దాని చోటులో ఓ పసుపు అట్ట నిలబెట్టి, తీసినవాళ్లు పేరూ తేదీ రాయాలి. ఆ నెల, ఆ వారం, ఆ కట్ట. అక్కడ ఉత్తరం లేదు. పసుపు అట్ట ఉంది. దాని మీద టైపిస్టుగారి పేరు, పది రోజుల కిందటి తేదీ.

అక్కకి ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యేళ్లు చందా కట్టినందుకు ఇదా ఫలితం? చల్లకొచ్చి ముంత దాచినట్టు, సాయం చేస్తానని వచ్చి సాక్ష్యం దాచేశాడు! విచారణలో అందరి ముందూ ఆయన గుట్టు బయటపెట్టాలని ఆ క్షణమే నిశ్చయించుకుంది.

విచారణ రోజున పావుగంట ముందే ఆయన మెట్ల మీద ఎదురయ్యాడు. అక్క ఆగలేకపోయింది.

"ఆ ఉత్తరం ఎక్కడ పెట్టారు? పసుపు అట్ట మీద మీ పేరు చూశాను. నా కళ్లలో కారం కొట్టి ఆ పిల్లని కాపాడదామనుకున్నారు కదూ?"

ఆయన కోప్పడలేదు. "కాగితం దొంగిలించేవాడు పేరూ తేదీ రాసిపెట్టి పోతాడా చెల్లెమ్మా?"

ఆ ప్రశ్న ఆమెకి ఇంతవరకూ తట్టలేదు. ఆయన పక్కనున్న ఖాళీ ఎక్స్‌రే గదిలోకి నడిచి, సంచిలోంచి ఉత్తరం తీసి ఆమె చేతికిచ్చాడు. అలవాటు ప్రకారం వెలుతురుకి పెట్టింది. మూల పెన్సిలుతో డబుల్ అని ఉంది. దాని కింద పొడి అక్షరాలు, తేదీ, టైము. ఉత్తరాల గదిలో టైము కూడా వేసే చాదస్తం ఒక్కరికే ఉంది. ఎవరి రాతనైనా ఇట్టే గుర్తుపట్టే మనిషికి తన రాత గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది.

"నేను ఆ టైములో కింద ఆఫీసులో..."

"అది ముందురోజు. సర్వీసు రిజిస్టరు చూశాను. మీరు సంతకం పెట్టింది మంగళవారం. ఉత్తరం మూసింది బుధవారం."

అక్క ఉత్తరాన్ని అక్కడున్న ఎత్తు బల్ల మీద పెట్టి ఆ తేదీ మళ్లీ చదువుకుంది. ఆ బుధవారం ఆమెకి ఇప్పటికీ గుర్తు లేదు. నూట యాభై ఉత్తరాల్లో ఒకటి. చిరునామా పేజీ తెరవడానికి బద్ధకించిందో, తెరిచానని అనుకుందో. గుర్తు లేకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది.

"ఇది చూసి ఇన్ని రోజులైందా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు దీన్ని చింపేస్తారో, పట్టుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టేస్తారో నాకు తెలీదు. మీరు నన్ను నమ్మలేదు, నేనూ మిమ్మల్ని నమ్మలేదు. చెల్లుకి చెల్లు." ఆయన సంచిలోంచి ఇంకో కట్ట తీశాడు. "ఈ కాగితం ఒక్కటే ఆఫీసరుకి ముందు దొరికితే ఏమవుతుంది? ఒక గుమాస్తా, ఒక తప్పు, ఉద్యోగం పీకేశారు, ఫైలు మూసేశారు. ఇంకెవరికి ఇలా జరిగిందో ఎవడూ చూడడు. అందుకని మేం చూశాం."

క్యాంటీన్లో బోర్లా తిప్పిన జాబితా అది. ఏడాదిలో డబుల్ కింద మూసేసిన జనవరి ఒకటి వాళ్లందరినీ కాంట్రాక్టు పిల్ల భోజనం మానేసి ఒక్కొక్కరి చిరునామాతో సరిపోల్చింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. నిజంగా డబుల్ కానివి ఇంకా ఆరు బయటపడ్డాయి. పెన్సిలు రాతలు చూస్తే మూడు ఆ పిల్ల మూసినవే, రెండు బావగారివి, ఒకటి మళ్లీ అక్కది. ఆరుగురికీ మొన్నే ఫోన్లు చేసి తేదీలిచ్చారు.

"మరి ఆఫీసరు గదిలో ఆ నవ్వులేంటి?"

"ముగ్గురికీ మూడు కంప్యూటర్లు కావాలని యూనియన్ రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టింది. వాటి మీద ఆఫీసు ముద్ర ఉన్న నకళ్లు కావాలి. ఆయన జోకు వేశాడు, నేను నవ్వాను, నకళ్లిచ్చాడు. జోకు బాగోలేదు."

అక్కకి ఒకటి మిగిలింది. "ఆ పిల్ల పేరు నేను రాశానని ఆఫీసరుకి చెప్పింది మీరు కాదా?"

టైపిస్టుగారు నిట్టూర్చాడు. సంచి అడుగునుంచి మూడు కాగితాలు తీసి ఆమె ముందు పరిచాడు. "మీ ముగ్గురి దగ్గరా ఇలాగే రాయించుకున్నాను. ఇవి నా సంచి దాటి ఎక్కడికీ పోలేదు. చదువుకోండి."

మొదటిది తనదే. రెండోది బావగారిది. ఎందుకైనా మంచిదని ఆయన ఆడవాళ్లిద్దరి పేర్లూ రాశాడు. మూడోది కాంట్రాక్టు పిల్లది. ఆ టైములో అక్కే కుర్చీలో ఉంది, నేను చూశాను, అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆ పిల్ల నిజంగా చూసిందో, తనలాగే చూసినట్టు రాసిందో ఇప్పుడెవరు చెప్పగలరు? అక్కకి కోపం రావాల్సింది. సిగ్గు మాత్రమే వచ్చింది. అంత సిగ్గు ఆమె ఎప్పుడూ ఎరగదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఎవరి పేరూ చెప్పకండి. ఎవరు చేశారన్నది కాదు, ఎలా జరిగిందన్నది నేను మాట్లాడతాను. ఆ ఉత్తరం మీ దగ్గరే ఉంచండి. ఇస్తారో లేదో మీ ఇష్టం. ఈ మాట మీకు చెప్పినట్టు నేనెవరికీ చెప్పను."

"తప్పు చేసినదాన్ని ఎందుకండీ ఇలా వెనకేసుకొస్తున్నారు?"

"తప్పు చెయ్యనివాళ్లకి నాతో ఏం పని చెల్లెమ్మా?" అని ఆయన సంచి సర్దుకున్నాడు.

విచారణ గదిలో ఆఫీసరు, ఆయన పక్కన ఒక డాక్టరు, రాసుకోవడానికి ఒక స్టెనో. బావగారూ కాంట్రాక్టు పిల్లా బయట బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. టైపిస్టుగారు అదే మెల్లటి గొంతుతో ఒక్క కంప్యూటరు గురించి, పది నిమిషాల గురించి, మూడు అర్జీల గురించి, జనవరి ఒకటి గురించి చెప్పుకుంటూ పోయాడు. ఆ ఆరుగురి జాబితా బల్ల మీద పెట్టగానే డాక్టరు ముందుకి వంగాడు. ఆఫీసరు మాత్రం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇవన్నీ తర్వాత చూద్దాం. ముందు ఈ కేసు తేల్చాలి కదా. మేడం, ఒక్కటే ప్రశ్న. రెండూ యాభైకి ఆ కుర్చీలో ఉన్నది కాంట్రాక్టు అమ్మాయే కదా? ఇదిగో, రాసే ఉంచాం. ఒక సంతకం చాలు." కాగితాన్ని, దాని మీద కలాన్ని ఆమె వైపు జరిపాడు.

అక్క అడకత్తెరలో పోకచెక్క అయింది. చేతిసంచిలో ఉత్తరం ఉంది. అది అక్కడ ఉందని తెలిసిన ఇంకో మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సంతకం పెడితే రేపట్నుంచి మామూలే, ఇంకో నాలుగేళ్లలో పూలదండతో ఇంటికి. పెట్టకపోతే, యాభై నాలుగేళ్ల వయసులో, పని తెలియనిదని ముద్ర వేయించుకుని ఇంటికి. ఆ పిల్ల కూడా నా పేరు రాసింది కదా అని ఒక్క క్షణం అనుకుంది. ఆ ఒక్క క్షణం ఆమెకి నిజంగానే సంతకం పెట్టాలనిపించింది.

"నేనే సార్" అంది.

"తొందరపడకండి మేడం. ఆలోచించుకుని చెప్పండి."

"రెండు వారాలు ఆలోచించాను సార్. అందరి గురించీ ఆలోచించాను, నా గురించి తప్ప." సంచిలోంచి ఉత్తరం తీసి కలం మీద పెట్టింది. "ఇది నా రాత. చిరునామా చూడలేదు. ఆ అమ్మాయికి దీంతో ఏ సంబంధమూ లేదు."

స్టెనో రాయడం ఆపేసింది. టైపిస్టుగారు కిటికీ దగ్గర్నుంచి తల తిప్పి, "ఆవిడ చెప్పింది రాసుకోండమ్మా. దాని పక్కనే మిగతా ఆరు కూడా రాసుకోండి. ఒకరిని తీసేస్తే ఆ ఆరింటికీ ఎవరిని తీస్తారో కూడా రాయాలి" అన్నాడు.

ఫలితం ఇంకో రెండు వారాలకి వచ్చింది. ఉద్యోగం పోలేదు. సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. అక్కని ఉత్తరాల గదిలోంచి తీసి కింద రికార్డుల గదికి వేశారు. కాంట్రాక్టు పిల్లకి ఏడాది పొడిగించారు. ఇంకో రెండు కంప్యూటర్లు వస్తాయని కాగితం మీద రాసిచ్చారు, వచ్చాక నమ్ముతానని అక్క అంది. ఆ పిల్లా ఆమే మునుపటిలా మాట్లాడుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కానీ విచారణ రోజున ఆమెకి ఇదేమీ తెలియదు. గదిలోంచి బయటికొచ్చి, బెంచీ మీద వాళ్లిద్దరినీ దాటి, ఇంటికి వెళ్లకుండా ఆడవాళ్ల వార్డుకి ఎక్కింది.

కిటికీ పక్క మంచం. తెల్ల జుట్టు గట్టిగా ముడి వేసుకున్న సన్నటావిడ, పక్కన స్టూలు మీద కొడుకు. అక్క మెడలోని గుర్తింపు కార్డు చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

"ఎవరు పంపారు మిమ్మల్ని? ఫిర్యాదు వెనక్కి తీసుకోమనడానికి వచ్చారా?"

"ఎవరూ పంపలేదు బాబూ. అమ్మగారి ఉత్తరం మూసేసింది నేనే. అది చెప్పడానికి వచ్చాను."

కొడుకు తల్లి వైపు తిరిగాడు. ఆవిడ మాత్రం అక్కని పైనుంచి కిందికి చూసింది. "ఎవరికైనా ఏదైనా ముట్టజెప్పాల్సింది మేం ఇవ్వలేదా అమ్మా? అందుకే పక్కన పడేశారా? మూడు నెలలూ మేం అదే అనుకున్నాం."

"అయ్యో, కాదమ్మా." కుర్చీ చూపించినవాళ్లు లేరు, నిలబడే చెప్పింది. మీ పేరే ఉన్న ఇంకొకావిడ ఉందనీ, ఇంటిపేరూ అదేననీ, ఇద్దరి పుట్టినరోజూ ఒకే ఏడు జనవరి ఒకటి అని ఉండటంతో ఇద్దరూ ఒకరే అనుకున్నాననీ, చిరునామా చూడలేదనీ. తప్పు తనదేననీ.

ఆవిడ శ్రద్ధగా వింది. ఒక్క దగ్గర నుదురు ముడిపడింది.

"జనవరి ఒకటా? నేను నవంబరు పదిహేడున పుట్టానమ్మా. బడి సర్టిఫికెట్టులో కూడా ఉంది. పదో తరగతి దాకా చదివాను నేను."

"మరి అప్పుడెప్పుడో చీటీ రాయించుకున్నప్పుడు కౌంటర్లో తెలియదని చెప్పారా?"

"నేనెందుకు చెబుతాను? వాళ్లే ముఖం చూసి వేసుకున్నట్టున్నారు." ఆవిడ దుప్పటి గుండెల మీదికి లాక్కుంది. "సోమవారం కోస్తారట. ఎవరైనా ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదమ్మా."